మగ/ఆడ గడి తప్పితే కిడ్నీ లెక్కా తప్పుతుంది

సంపాదకులకు నమస్కారం.

ఆస్పత్రి కౌంటర్లో ఓపీ చీటీ చేతికి రావడానికి నిమిషం పట్టదు. పేరు, వయసు, మగా ఆడా, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఫోన్ నంబరు. వీటిలో మూడోది ఎవరూ అడగరు. అద్దం వెనకున్న మనిషి ఎదుటి మొహం ఒకసారి చూసి తానే నింపేస్తాడు. ఆధార్ స్కాన్ చేసే చోట ఆ చూపు కూడా ఉండదు, కార్డులో ఏముంటే అదే వచ్చి కూర్చుంటుంది. చాలామందికి దీంతో పేచీ లేదు. పేచీ ఉన్నవాళ్లలో ఎక్కువ నష్టపోయేది పెద్ద వయసువాళ్లు: అరవై దాటిన హిజ్రాలు, ట్రాన్స్ మహిళలు (పుట్టినప్పుడు మగ అని రాసినా తాము ఆడవారమనేవారు), ట్రాన్స్ పురుషులు (దానికి తలకిందులు), తమ మనసు ఎటువైపో జీవితమంతా ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చిన మగవాళ్లు, ఆడవాళ్లు. వయసులో ఉన్నవారైతే డాక్టరు గదిలో నోరు తెరిచి చెప్పుకోగలరు. పక్షవాతంతో మాట పడిపోయినవారికి, మతిమరుపు జబ్బు ముదిరినవారికి, ఐసీయూలో గొంతులో గొట్టం ఉన్నవారికి బదులుగా మాట్లాడేది కేస్ షీటే. అందులో తప్పు రాసి ఉంటే అది తప్పే మాట్లాడుతుంది.

రికార్డుల విభాగంలో, ల్యాబులో, వృద్ధుల వైద్యంలో పనిచేసే కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. వివక్ష గురించి, మర్యాద గురించి పత్రికల్లో అడపాదడపా వస్తూనే ఉంది. మేం రాసేది లెక్కల గురించి.

ముందు కిడ్నీ సంగతి. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూసి, కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో ల్యాబు అంచనా వేస్తుంది. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఉండేది అదే. 2021లో వచ్చిన సీకేడీ-ఎపి సూత్రంలోకి పోయేవి మూడే: క్రియాటినిన్, వయసు, లింగం. 68 ఏళ్ల మనిషికి క్రియాటినిన్ 1.2 వచ్చిందనుకోండి. గడిలో మగ అని ఉంటే ఈజీఎఫ్ఆర్ 66 వస్తుంది. ఆడ అని ఉంటే 49. రక్తం అదే, మిషను అదే. 66 చూసిన డాక్టరు ఫర్వాలేదంటాడు. 49 అయితే అది మూడో దశ కిడ్నీ జబ్బు కోవలోకి వస్తుంది, నొప్పి మాత్రలు ఆపమంటాడు, షుగరు మందులు మళ్లీ చూస్తాడు, స్కాన్‌కి ఎక్కించే కాంట్రాస్ట్ మందు గురించి ఆలోచిస్తాడు.

మరి ఈ రెంటిలో ఏది నిజం? ఆధార్ కార్డు చెప్పలేదు. క్రియాటినిన్ కండరం నుంచి పుడుతుంది. ఇరవై ఏళ్ల వయసులో నిర్వాణం (హిజ్రాల సంప్రదాయంలో వృషణాలు, పురుషాంగం తీసేయడం) చేయించుకున్న హిజ్రా ఒంట్లో నలభై ఎనిమిదేళ్లుగా వృషణాల హార్మోను లేదు, కండరం తక్కువ, కాబట్టి పుట్టే క్రియాటినిన్ కూడా తక్కువ. ఆమెకు మగ లెక్క వేస్తే కిడ్నీలు ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తాయి. పదిహేనేళ్లుగా టెస్టోస్టిరాన్ తీసుకుంటున్న ట్రాన్స్ పురుషుడికి ఆడ లెక్క వేస్తే దీనికి తలకిందులు, లేని జబ్బు అంటగట్టినట్టు. ఇలాంటివారికి రిపోర్టులో రెండు అంకెలూ ఇచ్చి, ఏ లెక్కలో ఏది వచ్చిందో రాయడమే సరైన పని. ఆ రెంటి మధ్య మందు మోతాదు మారిపోయేట్టుంటే సిస్టాటిన్-సి పరీక్ష చేయించాలి, అది కండరం మీద అంతగా ఆధారపడదు. డాక్టర్లు చేతిలెక్కగా వేసే పాత కాక్‌రాఫ్ట్-గాల్ట్ సూత్రంలోనూ ఇదే చిక్కు ఉంది. ఆడవారైతే వచ్చినదాన్ని 0.85తో గుణిస్తారు. రక్తం పలచబడే మందుల మోతాదు చాలావరకు ఆ లెక్క మీదే నడుస్తుంది.

హిమోగ్లోబిన్ 12.4 ఉంటే మగవారికి రక్తహీనత, ఆడవారికి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత మగవారికి 13 దగ్గర, ఆడవారికి 12 దగ్గర ఉంది. గుండెపోటు అనుమానంతో చేసే ట్రోపోనిన్‌లో తేడా ఇంకా పెద్దది. బాగా వాడుకలో ఉన్న ఒక హై-సెన్సిటివిటీ ట్రోపోనిన్-ఐ కిట్‌లో మగవారి హద్దు 34, ఆడవారి హద్దు 16. అంకె 22 వచ్చిందంటే గడిని బట్టి రోగి ఇంటికైనా పోవచ్చు, ఐసీయూకైనా పోవచ్చు. అసలు ఏ హద్దు వర్తిస్తుందో తేల్చాల్సింది డాక్టరు. ఆ తేల్చే అవకాశమే లేకుండా సాఫ్ట్‌వేర్ ముందే తేల్చేస్తోంది.

‘ఆధార్‌లో ట్రాన్స్‌జెండర్ అని మార్చుకోవచ్చు కదా, ఇంకేం’ అనేవాళ్లుంటారు. అక్కడే అసలు చిక్కు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద రికార్డులు ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి పోయేది ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ప్రమాణం మీద. అందులో లింగం గడికి నాలుగే మాటలు: మగ, ఆడ, ఇతరులు, తెలియదు. ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు ఇద్దరూ ‘ఇతరులు’లోకే పోతారు. పైన చెప్పిన కిడ్నీ లెక్క ఈ ఇద్దరికీ ఎదురెదురు దిక్కుల్లో తప్పుతుంది, ఇద్దరినీ ఒకే సంచిలో వేస్తే వైద్యానికి పనికొచ్చేదేమీ మిగలదు. ఇక ల్యాబు మిషన్లతో మాట్లాడే పాత కంప్యూటరు ప్రమాణమైన హెచ్‌ఎల్7 సందేశంలో, రోగి వివరాల వరుసలో ఎనిమిదో గడి లింగానిది. ప్రమాణం ప్రకారం అక్కడ ఇతరులు, తెలియదు అనే అక్షరాలు కూడా రావచ్చు. కానీ ల్యాబు సాఫ్ట్‌వేర్‌లో మగ, ఆడ హద్దులు మాత్రమే ఎక్కించి ఉంటే, మూడో అక్షరం వచ్చినప్పుడు ఏ హద్దూ దొరకక ఎక్కువ తక్కువ గుర్తులు పడకుండానే రిపోర్టు బయటికొస్తుంది. లేదా తయారుచేసినవాడు ముందే పెట్టిన డిఫాల్టు పడుతుంది. గుర్తు పడని రిపోర్టును తొందరలో చూసినవారు అన్నీ మామూలే అనుకుంటారు. మా దృష్టిలో డిఫాల్టుకన్నా ఖాళీయే నయం. ఖాళీ గడి కనీసం అబద్ధం ఆడదు.

పేరు మారినప్పుడు ఇంకో తంటా. ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరుతో పాత రికార్డులు వెతికేటప్పుడు మొబైల్ నంబరుతో పాటు పేరు, లింగం, పుట్టిన సంవత్సరం సరిపోలుస్తారు. అరవై ఏళ్లు ఒక పేరుతో, మగ అనే గుర్తుతో తిరిగిన మనిషి కార్డు మార్చుకున్నాక ఆస్పత్రి కంప్యూటరుకు కొత్త మనిషే. కొత్త నంబరు పుడుతుంది. పెన్సిలిన్ పడదన్న మాట పాత నంబరులో ఉండిపోతుంది, గుండెకు వేసిన స్టెంటు వివరమూ అక్కడే. దీనికి మందు తెలిసిందే: పాత నంబరునే ఉంచి దాని మీద పేరు, లింగం మార్చాలి. ఇప్పటికే రెండైపోతే రికార్డుల విభాగం వాటిని కలపాలి. పాత పేరు లోపలి లంకె పట్టికలో మాత్రమే ఉండాలి, చీటీ మీద, మంచం తలాపున తగిలించే బోర్డు మీద, పిలుపు తెర మీద కనిపించకూడదు. వెయిటింగ్ హాల్లో యాభై మంది ముందు పాత పేరు వినిపిస్తే ఆ మనిషి లేచి లోపలికి రాదు, లేచి బయటికి పోతుంది.

ఇక అవయవాలు. రికార్డులో ఆడ అని ఉన్నంత మాత్రాన ప్రోస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) మాయం కాదు. నిర్వాణంలో గానీ, ఆధునిక శస్త్రచికిత్సలో గానీ ప్రోస్టేట్‌ను తీయరు. హార్మోను లేక అది చిక్కిపోతుంది, క్యాన్సర్ రావడమూ అరుదే, కానీ వచ్చినప్పుడు ఆలస్యంగా దొరుకుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానంతో చేసే పీఎస్ఏ రక్తపరీక్ష చేసినా రిపోర్టులో ‘4 లోపు మామూలే’ అని అచ్చయి ఉంటుంది. ఈస్ట్రోజన్ వాడేవారిలో పీఎస్ఏ అసలే పడిపోయి ఉంటుంది కాబట్టి 1 దాటితేనే అనుమానించాలన్నది ఈ రంగంలో పనిచేసేవారి సలహా. ఇది ఏ ఆటోమేటిక్ రిపోర్టూ చెప్పదు.

మూత్రం బిగుసుకుపోయి అర్ధరాత్రి క్యాజువాలిటీకి వచ్చే ముసలి హిజ్రా విషయంలో రికార్డు చెప్పాల్సింది ఇంకా ఉంది. ఏళ్ల కిందట చేయించుకున్న నిర్వాణం గాయం మానిన చోట మూత్రద్వారం సన్నబడిపోవడం తరచూ చూసేదే. పెద్దవాళ్లకు మామూలుగా వేసే 14, 16 సైజు ఫోలీ గొట్టం (మూత్రం తీసే గొట్టం) దూరదు. బలవంతంగా నెడితే తప్పుదారి పడి రక్తం వస్తుంది. 10, 12తో చూడాలి, అదీ పోకపోతే ఆగి యూరాలజీ వారిని పిలవాలి, కడుపు మీదుగా గొట్టం వేయాల్సి రావచ్చు. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. బయటి నుంచి చూస్తే ఆడవారి మూత్రమార్గంలా కనిపిస్తుంది గనుక నాలుగు సెంటీమీటర్లు పోగానే చాలనుకుని గొట్టం జారకుండా ఆపే బెలూన్ నింపేస్తారు. లోపల దారి అంతకన్నా పొడవు. ప్రోస్టేట్ గుండా పోవాలి. మూత్రం కనిపించాక కూడా ఇంకాస్త లోపలికి పంపాకే బెలూన్‌లో నీళ్లు నింపాలి, లేకపోతే బెలూన్ మూత్రనాళంలోనే ఉబ్బి చీలుస్తుంది. ‘నిర్వాణం, ఫలానా సంవత్సరం, మూత్రద్వారం సన్నం, 12 సైజు పోయింది’ అని ఒక్క లైను ముందు రాసి ఉంటే ఆ రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరుకు చెమటలు పట్టవు.

అటువైపు, మగ అని రాసి ఉన్న ట్రాన్స్ పురుషుడికి గర్భాశయం ఉండొచ్చు. 30 నుంచి 65 ఏళ్లలోపు ఆడవారికి అయిదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయాలన్నది మన జాతీయ కార్యక్రమం లెక్క. పిలవాల్సినవారి జాబితా లింగం గడి నుంచే తయారవుతుంది కాబట్టి ఆయన పేరు ఎన్నటికీ అందులోకి రాదు. అందుకే గడిని సరిదిద్దితే సరిపోదు. ఏ అవయవం ఉంది, ఏది తీసేశారు, ఎప్పుడు అన్నది విడిగా ఒక చిన్న పట్టికగా ఉండాలి. పరీక్షల జాబితా ఆ పట్టిక నుంచి రావాలి.

మందుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే చాలామంది వాడేవి చీటీ మీద రాసినవి కావు. టెస్టోస్టిరాన్‌ను అడ్డుకోవడానికి స్పైరనోలాక్టోన్ వాడతారు. రోజుకు 100, 200 మిల్లీగ్రాముల దాకా పోతుంది. అదే మనిషికి బీపీ ఉందని ఇంకో డాక్టరు టెల్మిసార్టాన్ రాస్తాడు. రెండూ ఒంట్లో పొటాషియం పెంచేవే. కిడ్నీ 49 దగ్గర ఉన్న 68 ఏళ్ల మనిషిలో పొటాషియం 6 దాటిందంటే గుండె లయ తప్పొచ్చు. హార్మోను డాక్టరు దొరకని రోజుల్లో గర్భనిరోధక మాత్రలతో నెట్టుకొచ్చినవారు పాత తరంలో ఎందరో. మాలా-డి మాత్రలో ఇథినైల్ ఈస్ట్రాడయోల్ 30 మైక్రోగ్రాములు ఉంటుంది, రోజుకు రెండు మూడు వేసుకునేవారూ ఉన్నారు. రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు ఈస్ట్రాడయోల్‌కన్నా దీంతో ఎక్కువ. తుంటి ఎముక విరిగి ఆపరేషన్‌కు వచ్చినప్పుడు ఈ సంగతి తెలియకపోతే కాలి నరాల్లో గడ్డ, అది ఊపిరితిత్తులకు చేరడం దాకా పోతుంది. తుంటి విరగడం కూడా యాదృచ్ఛికం కాదు. వృషణాలు తీసేసి ఏ హార్మోనూ వాడకుండా దశాబ్దాలు గడిపితే ఎముక గుల్లబారుతుంది. ఎముక బలం చూసే డెక్సా స్కాన్ అవసరమని ఎవరికీ తట్టదు, రికార్డులో ‘మగ’ అని ఉంది మరి.

ఇంత అవసరమైతే వాళ్లే ఎందుకు చెప్పరు అని అడిగే ముందు హైదరాబాద్ చరిత్ర ఒకసారి తిరగేయాలి. ఇక్కడ హిజ్రాల పేర్లు మొదట ఎక్కింది ఆస్పత్రి రిజిస్టరులోకి కాదు, పోలీసు రిజిస్టరులోకి. నిజాం కాలంలో 1329 ఫస్లీ, అంటే 1919లో వచ్చిన చట్టం నపుంసకుల పేర్లు, ఇళ్ల వివరాలతో రిజిస్టరు పెట్టమంది. ఆ రిజిస్టరులో పేరున్నవారు ఆడ బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. అది ఎప్పుడో పోయిందనుకుంటే పొరపాటు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. స్వలింగ సంబంధాలను నేరంగా చూసినంత మేరకు 377 సెక్షన్‌ను సుప్రీంకోర్టు పక్కన పెట్టింది 2018 సెప్టెంబరు 6న. ఇవాళ డెబ్బై ఏళ్లున్నవారు అరవై దాటేదాకా నేరస్థుల కిందే లెక్క. వాళ్ల దగ్గరికి ట్యాబ్ పట్టుకుని పోయి ‘మీ వివరాలు ప్రభుత్వ రికార్డులో ఎక్కిస్తాం’ అంటే తలుపు వేసుకోవడంలో వింతేముంది?

పైగా మనం అడిగే తీరు. ఆభా నంబర్ల కోసం ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చేది పగటిపూట. అరుగు మీద కొడుకు, కోడలు, పక్కింటావిడ ఉంటారు. అక్కడ ఏ ముసలాయన ఏం చెబుతాడు? 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ‘ఇతరులు’ 4,87,803 మంది అన్నారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. ఇంటి పెద్ద చెప్పింది ఎన్యూమరేటర్ రాసుకున్న లెక్క అది. ఆస్పత్రి కౌంటరు కూడా అరుగుకన్నా మెరుగేమీ కాదు, వెనక క్యూ తోసుకుంటూ ఉంటుంది. ఇంకో భయం వార్డు. చాలాచోట్ల మగ వార్డు, ఆడ వార్డు రెండే. చీటీ మీద ఏం రాస్తే ఏ వార్డులో పడేస్తారోనని మంచి చెడ్డలు బేరీజు వేసుకుని జవాబు చెబుతారు తప్ప నిజం చెప్పరు. కాబట్టి వార్డు నిర్ణయాన్ని ఈ గడి నుంచి విడదీయాలి. ఏ వార్డులో ఉంటారో మనిషినే అడిగి వేరే రాసుకోవాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ ఆస్పత్రి చూసొచ్చిన మన పెద్దలు కొందరు ఆ ఫారాల్లో ఈ ప్రశ్నలు చూసే ఉంటారు. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లో లైంగిక ధోరణి (మనసు మగవారివైపా, ఆడవారివైపా అన్నది), లింగ గుర్తింపు (తాను మగా, ఆడా, ఇంకేదైనానా అని తానే చెప్పుకునేది) నమోదు చేసే వీలుండాలని అక్కడ 2015లో నియమం వచ్చింది. కేంద్ర నిధులతో నడిచే సామాజిక ఆరోగ్య కేంద్రాలు 2016 నుంచి ఆ లెక్కలు పంపాలన్నారు. గడి అయితే పుట్టింది. మొదటి ఏడాది నాలుగింట మూడొంతుల మందికి పైగా లైంగిక ధోరణి గడి ఖాళీగానే వచ్చింది. ఎందుకు ఖాళీ అంటే, అడగాల్సినవారే అడగలేదు. ఎమర్జెన్సీ విభాగాల్లో జరిగి 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అడిగితే రోగులు చెప్పరని డాక్టర్లు, నర్సుల్లో 78 శాతం అన్నారు. చెప్పబోమన్న రోగులు 10 శాతమే. ‘బాగోదు’ అన్న మొహమాటం కౌంటరు లోపలివైపే ఎక్కువన్నమాట. ఇక 2025 జనవరి తర్వాత అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇవే ప్రశ్నలను తన ఫారాల నుంచి తీసేయడం మొదలుపెట్టింది. ఒక సర్కారు అడిగి రాసుకున్నది ఇంకో సర్కారు చేతికి పోతుంది. మన 1329 ఫస్లీ రిజిస్టరు తెలిసినవారికి ఇది కొత్త పాఠమేమీ కాదు. అందుకే మేం రికార్డులో అన్నీ ఎక్కించమనడం లేదు. వైద్యానికి కావాల్సింది, కావాల్సిన చోట, చూడాల్సినవారికే కనిపించేట్టు ఎక్కించమంటున్నాం.

లింగ గుర్తింపుకు రెండు ప్రశ్నలు చాలు. ‘మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకుంటారు? మగ, ఆడ, ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు, హిజ్రా, ఇంకేదైనా?’ అన్నది మొదటిది. ‘పుట్టినప్పుడు ఏమని రాశారు?’ అన్నది రెండోది. రెండూ కలిస్తేనే అర్థం. ట్రాన్స్ మహిళ తనను తాను ఆడ అని మాత్రమే చెప్పుకుంటే మొదటి ప్రశ్న ఒక్కటీ ల్యాబుకు చాలదు. దేవతకు అంకితమై బతికే శివసత్తులు, జోగప్పల వంటి వారిలో కొందరు ఈ మాటల్లో దేన్నీ తమదనరు, అందుకే ‘ఇంకేదైనా’ పక్కన రాసుకునే చోటుండాలి. సర్టిఫికెట్ అడగకూడదు. తన లింగ గుర్తింపు తానే చెప్పుకునే హక్కు ఉందని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆపైన చికిత్సకు కావాల్సింది కాగితం కాదు, సమాచారం. జవాబు రాకపోతే ‘అడగలేదు’, ‘అడిగితే చెప్పలేదు’, ‘అడిగే స్థితిలో లేరు’ అని మూడు విడివిడిగా ఉండాలి. వీటిని కలిపి ‘తెలియదు’ అనేస్తే మళ్లీ అడగాలో వద్దో తర్వాత చూసేవారికి తెలియదు. చెప్పనన్న మనిషిని ప్రతి విజిట్‌లోనూ వేధించినట్టవుతుంది, అడగనే అడగని మనిషిని ఎప్పటికీ వదిలేసినట్టవుతుంది.

లైంగిక ధోరణి సంగతి వేరు. దాన్ని కౌంటర్లో అడగనే కూడదు. ఆ మాటే పరిభాష, పల్లెలోనే కాదు పట్నంలోనూ డెబ్బై ఏళ్లవారికి అర్థం కాదు. డాక్టరు గదిలో, వెంట వచ్చినవారిని కాసేపు బయట కూర్చోమని, మామూలు తెలుగులో అడగాలి: ‘గత ఏడాదిలో ఎవరితోనైనా శారీరకంగా కలిశారా? మగవారితోనా, ఆడవారితోనా, ఇద్దరితోనూనా?’ తాతగారిని ఇదేం అడగడం అనుకుంటారు. అలా అనుకోబట్టే బరువు తగ్గి, జ్వరం తగ్గక, నోట్లో తెల్లపూతతో వచ్చిన 66 ఏళ్ల మనిషికి ఎండోస్కోపీ, సీటీ, టీబీ పరీక్షలన్నీ అయ్యాక ఆఖర్న హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. పెళ్లయి మనవలున్నారన్నది దేనికీ రుజువు కాదు. తేలిన ఫలితం అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది, కేస్ షీటు అట్ట మీద ఎర్ర సిరాతో రాయడం కూడా బయటపెట్టడమే.

ఇంకో ప్రశ్న అంతకన్నా ముఖ్యం, అది అందరినీ అడగాల్సింది: ‘మీకు బాగాలేకపోతే ఎవరికి చెప్పాలి? మీ తరఫున మాట్లాడేదెవరు?’ ఓపీ చీటీలో ఉన్న ‘తండ్రి/భర్త పేరు’ గడి దీనికి పనికిరాదు. హిజ్రాల్లో ముసలి గురువును చూసుకునేది చేలా, అంటే శిష్యురాలు. ముప్పై ఏళ్లుగా ఒకే కప్పు కింద ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు ‘ఫ్రెండ్స్’ అని రాయించుకుని, ఐసీయూ తలుపు దగ్గర ‘బంధువులెవరైనా ఉన్నారా’ అన్న ప్రశ్నకు నిలబడిపోతారు. మానసిక వైద్యంలో దీనికి చట్టం ఎప్పుడో దారి చూపింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ కింద ఎవరినైనా తన ప్రతినిధిగా తెల్లకాగితం మీద రాసి నియమించుకోవచ్చు. రక్తసంబంధం అక్కర్లేదు. దగ్గరి బంధువులు లేనప్పుడు భౌతికకాయాన్ని తోడున్నవారికి అప్పగించే విషయమై 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ లేఖ మార్చురీ క్లర్కు టేబుల్ దాకా చేరాలి. బతికుండగానే ఆ పేరు రికార్డులో ఉంటే మార్చురీ దగ్గర వాదన అక్కర్లేదు.

గోప్యతకు చట్టం మీదే భారం వేస్తే సరిపోదు. 2011 నాటి ఐటీ నియమాలు లైంగిక ధోరణిని, వైద్య రికార్డులను సున్నిత సమాచారంగా పేరుపెట్టి చెప్పాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అలాంటి ప్రత్యేక వర్గమే లేదు. కాబట్టి ఆస్పత్రులే గీత గీసుకోవాలి. చికిత్స చేసే డాక్టరు, నర్సు, అవసరమైనప్పుడు ల్యాబు. బిల్లింగ్ కౌంటరుకు, క్యాంటీన్ డైట్ జాబితాకు ఇది అక్కర్లేదు. ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో నమోదవ్వాలి, నెలకోసారి ఎవరైనా ఆ జాబితా చదవాలి. డిశ్చార్జ్ సమ్మరీ రాసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆభా ద్వారా అనుమతి ఇచ్చేటప్పుడు రోగి ఏ రకం రికార్డు పంపాలో ఎంచుకోగలడు గానీ, సమ్మరీలో ఒక వాక్యాన్ని దాచలేడు. కాలు విరిగితే కాలు గురించి, వాడుతున్న హార్మోను గురించి రాయాలి. ఎవరితో ఉంటున్నారన్న కథ అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్‌లో లింగాన్ని చూసి బీమా క్లెయిము ఆపేసే తాళం ఎక్కడున్నా దానికి తాళంచెవి కూడా ఉండాలి. ఆడ అని ఉన్న మనిషికి ప్రోస్టేట్ ఆపరేషన్ క్లెయిము తిరగ్గొడితే, సొమ్ము కోసం రికార్డును మళ్లీ మగ అని మార్చేస్తారు, ఇన్నాళ్లు చేసిందంతా వృథా. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ ఇలాంటి ఆస్పత్రి క్లెయిముల కోసం 45 అనే కండిషన్ కోడ్ పెట్టింది. అది ఉంటే లింగం దగ్గర క్లెయిము ఆగదు. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ తెరల మీదా అలాంటిదొకటి కావాలి.

మాటతీరు గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేం. మన భాషలో క్రియలోనే లింగం ఉంది, వచ్చాడా వచ్చిందా అనేసరికే తీర్పు చెప్పేసినట్టు. అదే భాషలో ‘మీరు’, ‘గారు’, ‘వచ్చారు’ కూడా ఉన్నాయి. పేరు పక్కన గారు తగిలించి బహువచనంలో పిలిస్తే ఏ గడీ చూడాల్సిన పని లేదు. ‘ఏమ్మా’, ‘ఏరా’ అనే అలవాటు మానుకోవడానికి శిక్షణ తరగతులు ఎందుకో మాకు అర్థం కాదు.

సాఫ్ట్‌వేర్ మారేదాకా ఆగక్కర్లేదు. వృద్ధుల ఓపీ ఉన్న చోట ముందుగా ఒక రబ్బరు స్టాంపు చేయించుకోవచ్చు. కేస్ షీటు అట్ట మీద కాదు, లోపలి రెండో పేజీలో వేయాలి. ఆరు లైన్లు: (1) ఏమని పిలవాలి; (2) ఏ వార్డు; (3) ఉన్న అవయవాలు, చేసిన శస్త్రచికిత్సలు, సంవత్సరం; (4) వాడుతున్న హార్మోన్లు, మోతాదు, ఎక్కడి నుంచి; (5) ల్యాబుకు ఏ హద్దులు వాడాలో డాక్టరు సంతకంతో; (6) ఎవరిని పిలవాలి, ఫోన్ నంబరు. ల్యాబుకు పంపే చీటీ మీద అయిదో లైను ఒక్కటే ఎక్కించాలి. ఆరు నెలలకోసారి నాలుగో లైనును మళ్లీ అడిగి తేదీ వేయాలి, ఎందుకంటే మందులు మారినంత తొందరగా ఇంకేదీ మారదు.

ఇట్లు,
వైద్య రికార్డులు, ల్యాబు, వృద్ధుల వైద్య విభాగాల్లో పనిచేసే కొందరం,
హైదరాబాద్